సముద్ర గర్భం నుండి పల్లె గడప వరకు



2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద భూమి కంపించిన సుమారు రెండు గంటలకు సునామీ అలలు ఆంధ్ర, తమిళనాడు తీరాలను తాకాయి. ప్రాణరక్షణకు ఆ వ్యవధి చాలినదే. కాని కబురందించే సాధనం లేకపోయింది.

ఆ లోటు తీర్చడానికి 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. సముద్రపుటడుగున అమర్చిన పరికరం నీటి ఒత్తిడిలోని స్వల్ప మార్పును సైతం పసిగట్టి, ధ్వని తరంగాల ద్వారా పైన తేలే బోయాకు తెలుపుతుంది. బోయా నుండి ఉపగ్రహానికి, ఉపగ్రహం నుండి హైదరాబాదుకు ఆ సమాచారం చేరుతుంది. 2011 నుండి ఇండొనేషియా, ఆస్ట్రేలియా కేంద్రాలతోపాటు ఇది హిందూ మహాసముద్ర తీర దేశాలకు కూడా సేవలందిస్తున్నది.

ఆపద లేదని తెలియడం కూడా మేలే. 2012 ఏప్రిల్ 11న సుమత్రా చెంత మళ్ళీ పెను భూకంపం సంభవించింది. సముద్రమట్టంలో పెద్ద మార్పు లేదని పరికరాలు తెలుపగా, కొద్ది గంటలలోనే హెచ్చరికను ఉపసంహరించారు.

ఈ కేంద్రాన్ని నడిపే సంస్థయే, ఉపగ్రహాలు కొలిచిన సముద్రోపరితల ఉష్ణోగ్రతను బట్టి, చేపలు దొరికే తావులను మత్స్యకారులకు సూచిస్తున్నది. వెదకులాట తగ్గిన కొలది పడవకు డీజిలు ఆదా అవుతుంది.

ఇంతటి గొలుసుకు చివరి లంకె మనిషి. ఆ కబురు పల్లెలోని జాలరి చెవిన సకాలంలో పడనిచో, కడలి అడుగున యంత్రం పలికినా ఒకటే, మూగవోయినా ఒకటే.