అణుపరీక్షలు: చెప్పేవి, దాచేవి
పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, 1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో సాగుతున్న అణుపరీక్ష సన్నాహాలు అమెరికా ఉపగ్రహాల కంటబడ్డాయి. న్యూయార్క్ టైమ్స్ ఆ వార్త ప్రచురించగా ప్రభుత్వం కాదన్నది, పరీక్ష మాత్రం ఆగిపోయింది.

1962 నాటి అణుశక్తి చట్టం ఇలాంటి సమాచారాన్ని కట్టడి చేసే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఆయుధ రహస్యాలకు అది అవసరమే కావచ్చు గానీ, అణుధూళికి, అంటే పేలుడుతో పైకెగసి గాలివాటున దూరప్రాంతాల్లో రాలే రేడియోధార్మిక రేణువులకు, ఆ ముసుగు తగదు. నెవాడా పరీక్షల్లో వెలువడిన అయోడిన్-131, ఎనిమిది రోజులకు సగానికి తగ్గిపోయేదే అయినా, గడ్డిపై రాలి, ఆవుపాల ద్వారా పిల్లల థైరాయిడ్ గ్రంథికి చేరింది. అంతవరకు దాచిన 204 పరీక్షల సంగతిని అమెరికా ఇంధన శాఖ 1993లో గానీ బయటపెట్టలేదు.