బీదరు చూసిన రష్యా బాటసారి
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసింది. ఇటువంటి శుభవేళ, తన పండుగ ఏనాడో తెలియక ఈ ఊళ్లోనే అలమటించిన ఒక పరదేశిని తలచుకుందాం. ఆయన పేరు అఫనాసీ నికితిన్. రష్యాలోని త్వేర్ పట్టణపు వర్తకుడు. 1498లో వాస్కో డ గామా మన తీరం చేరడానికి పాతికేళ్లు ముందే ఆయన బీదరు వీథుల్లో తిరిగాడు. ఈ కాలంలో పుట్టివుంటే పత్రికలవారు విలేఖరిగా పంపేవారు. రేడియోవారు పిలిచి మాట్లాడించేవారు.

బయలుదేరింది వ్యాపారానికి. వోల్గా నదిపై అస్త్రఖాన్ దగ్గర తాతారులు దోచుకున్నారు. సరుకుతోపాటు మతగ్రంథాలూ పోయినవి. పారశీక దేశం దాటి, ఒక గుర్రంతో ఓడనెక్కి చౌల్ రేవులో దిగాడు. జున్నరులో అధికారి ఆ గుర్రాన్ని లాక్కొని, మతం మారితే గుర్రంతోపాటు వెయ్యి బంగారు నాణేలిస్తాననీ, గడువు నాలుగు రోజులనీ అన్నాడు. ఖురాసాను పెద్దమనిషి ఒకరు అడ్డుపడి కాపాడాడు.

అప్పుడు బీదరు బహమనీల రాజధాని. మహమూద్ గవాన్ మంత్రి. 1472 నాటి ఆయన మదరసా శిథిలమై కూడా నేటికీ మన కళ్లముందున్నది. కోటకు ఏడు ద్వారాలనీ, ఒక్కొక్కచోట నూరుగురు కావలివాళ్లూ, నూరుగురు లేఖకులూ కూర్చుంటారనీ నికితిన్ వ్రాశాడు. ప్రభువులు వెండి పల్లకీలలో ఊరేగుతూంటే పల్లెజనం కడుపేదలుగా ఉన్నారనీ వ్రాశాడు.

తాను క్రైస్తవుణ్ణని నిజం చెప్పిన తరువాత ఇక్కడి హిందువులు ఆయనను నమ్మారు. శివరాత్రికి వారి వెంట నెలరోజులు ప్రయాణంచేసి పర్వతానికి వెళ్లాడు. అది మన శ్రీశైలమేనని పండితుల నిర్ణయం. క్రైస్తవులకు జెరూసలేము ఎటువంటిదో వీరికి ఇది అటువంటిదన్నాడు.

వివాదమూ ఉన్నది. కోతులకు రాజూ సైన్యమూ ఉన్నాయన్నాడు. స్త్రీలను గురించి చులకనగా వ్రాశాడు. అంతకంటె పెద్ద చిక్కు ఆయన మతం. ముస్లిములతో ఉపవాసమున్నాడు, గ్రంథం చివర అరబ్బీ ప్రార్థన వ్రాశాడు. చివరకు మతం మారాడని కొందరు, లేదని కొందరు. నా మట్టుకు, తన పండుగల లెక్క తప్పిపోయిందని ఆ గ్రంథంలోనే అంతగా కుమిలినవాడు వాటిని వదులుకున్నాడనుకోను. చుట్టూ వినిపించే మాటలతోనే దేవుణ్ణి పిలిచాడు. ఆ అరబ్బీ మాటలను సైతం వ్రాసింది రష్యను లిపిలోనే!

స్వదేశం చేరవచ్చి, స్మోలెన్స్క్ ఇంకా రాకమునుపే మరణించాడు. కాగితాలు మాత్రం 1475లో మాస్కో చేరాయి. 1957లో ఆయన కథ ‘పరదేశీ’ అనే చలనచిత్రమైంది.

సోదరులారా, మనకు ఆయన కష్టం లేదు. ఇరుగుపొరుగు కన్నడిగులకూ, మహారాష్ట్రులకూ ఇదే రోజు సంవత్సరాది. కనుక పండుగ మరచిపోతామనే భయం లేదు. మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, బజారులో దక్కనీ మాట్లాడతారు; అది లోపం కాదు, ఊరి మర్యాద. జారిపోయేది అక్షరం. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు తాతగారి ఉత్తరం చదవలేకపోతే, ఆ ఉత్తరం ఇల్లు చేరీ చేరనట్లే. రోజుకొక అరగంట పలక పట్టించండి. ఎన్ని భాషల మాటలైనా నేర్వనివ్వండి; వాటిని వ్రాసుకోవడానికి మన లిపి చేతిలో ఉండాలి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. సెలవు.