రిమార్కు అనే మాట

మన ఇళ్ళలో తరచు వినబడే ఇంగ్లీషు మాట ఒకటుంది, రిమార్కు. "ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క రిమార్కు లేదండీ" అని రిటైరైన పెద్దలు చెప్పుకోవడం మీరు వినే ఉంటారు. అంటే రిమార్కు ఒక మచ్చ అన్నమాట. ఇంగ్లీషులో మాత్రం దానికంత పాపం లేదు. ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాటకు మూలార్థం గమనించడం. గమనించింది చెబితే రిమార్కు. అది మంచైనా కావచ్చు, చెడైనా కావచ్చు. దాని నుంచే పుట్టిన రిమార్కబుల్ అయితే అచ్చమైన మెచ్చుకోలు.

మరి మన దగ్గర ఎందుకు చెడిపోయింది? నాకు తోచిన కారణం ఆఫీసు. సర్కారు ఉద్యోగి గురించి పైఅధికారి ఏటా రహస్య నివేదిక రాసేవారు. మెచ్చుకుంటూ రాస్తే అది సాధారణంగా ఫైల్లోనే ఉండిపోయేది. తప్పుపడుతూ రాస్తేనే 'అడ్వర్స్ రిమార్క్స్' అంటూ కాగితం చేతికొచ్చేది. మంచిచెడ్డలు రెండూ ఉద్యోగికి తెలపాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే మన నోళ్ళలో అడ్వర్స్ అనే ముందుమాట జారిపోయింది, చెడు మాత్రం రిమార్కుకు అంటుకుంది.

కామెంటుదీ ఇదే కథ. కాళిదాసుకు మల్లినాథుడు రాసిన వ్యాఖ్యను ఇంగ్లీషులో కామెంటరీ అంటారు. మన వీధి మలుపులో కుర్రాళ్ళవీ కామెంట్లే! తెలుగులో కామెంట్లు కొడతారు, తమిళంలోనూ 'కమెంట్ అడిక్కిరాన్' అంటారు. రెండు భాషలవాళ్ళమూ ఆ మాటను కొట్టడానికే వాడుకున్నాం. ఇంకో చిత్రం, తమిళ పత్రికలో సినిమా విమర్శనం అంటే సమీక్ష. తెలుగులో "విమర్శించాడు" అంటే తప్పుపట్టాడనే ముందు తోస్తుంది.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. అప్పటినుంచి అక్కడ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాగితం మీద ఇంగ్లీషు. అటునుంచి పట్టాభిరామ్ వచ్చి తాపీపని చేసుకుంటున్న ఒకాయన కొడుకు నా క్లాసులో ఉండేవాడు. లెక్కల్లో వెనకబడ్డ పిల్లవాడు కష్టపడి పైకొచ్చాడు. సంతోషంతో ప్రోగ్రెస్ కార్డులో 'రిమార్కబుల్ ఇంప్రూవ్‌మెంట్' అని రాశాను.

మర్నాడు తండ్రి బడికొచ్చాడు. "సార్, రిమార్కు రాసేంత తప్పు మావాడు ఏం చేసినాడు?" పక్కింటివాళ్ళు చదివి వినిపిస్తే ఆయన చెవికి ఆ ఒక్క ముక్కే అందింది. రాత్రే బెత్తం తీశాడు.

అర్థం చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొడుకును దగ్గరికి లాక్కుని, వంగి, వాడి పిక్క మీది వాత తడిమాడు. తప్పు ఆయనది మాత్రమే అనుకోలేకపోయాను.

ఆనాటి నుంచి ఇంగ్లీషు ముక్క కింద, ఇంట్లో ఏది చదవగలరో అడిగి, తెలుగులోనో తమిళంలోనో కూడా రాస్తున్నాను. ఆ గడి మరీ చిన్నది. పట్టకపోతే కార్డు తిప్పి వెనక రాస్తాను.