మందుల సంచితో మొదటి ఏడాది
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మందుల కంపెనీ ఉద్యోగం ఎలా ఉంటుందో మన కుర్రవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. మెడికల్ రిప్రజెంటేటివ్‌గా నాకు ఏడాది నిండింది.

బి.యస్సీ. పాసై చేరిన నాకు హైదరాబాదులో మూడు వారాలు పాఠాలు చెప్పారు. గుండె, కాలేయం, క్లోమం ఎలా పనిచేస్తాయో నేర్పి, ఆ పైన కంపెనీ మాత్రల గుణగణాలు అప్పజెప్పించుకున్నారు. తర్వాత బెంజ్ సర్కిలే నా మకాం. చెన్నై - కలకత్తా రహదారీ, బందరు రోడ్డూ కలిసే చోటు గదా! పొద్దున కంకిపాడు, ఉయ్యూరు వైపు, సాయంత్రం సూర్యారావుపేట. రెండు గంటలు కాచుకుంటే డాక్టరు గారి దగ్గర రెండు నిమిషాలు దొరుకుతాయి. అదీ రాత్రి తొమ్మిది దాటాక, అంటే రంజాన్‌లో సరిగ్గా తరావీ వేళకు. ఇక బెజవాడ మే నెల ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. బండి డిక్కీలో వేసుకు తిరిగే సరుకు కాదది.

మూడో నెలలో ఒక డాక్టరు గారు, "ఏమయ్యా, రోజా ఉండేవాళ్ళకు మీ షుగరు మాత్ర రాయొచ్చా?" అని అడిగారు. నా చేతిలోని రంగుల పుస్తకంలో దానికి జవాబు లేదు. మేనేజరు గారిని అడిగితే, "అమ్ముడుపోయే మాటలు చెప్పు, అవన్నీ మనకెందుకు?" అన్నారు. నాకు మింగుడు పడలేదు. మా వీధిలో ఆ జబ్బుతోనే రోజాలుండే పెద్దలు ఎంతమంది! కంపెనీ వైద్య విభాగానికి ఉత్తరం రాశాను. పెట్టెలోపలి సన్నక్షరాల కాగితం అంతా చదివాను.

తేలిందేమంటే, గ్లైబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ జాతి మాత్రలు మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తాయి. ఖాళీ కడుపున, అసర్ నమాజు వేళకు షుగరు పడిపోయి చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం చాలా తక్కువ. మా మాత్ర ఆ మొదటి జాతిదే. వెళ్ళి డాక్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన రోజా ఉండేవాళ్ళలో కొందరికి మోతాదు తగ్గించారు, కొందరికి మందే మార్చారు. ఆ నెల నా టార్గెట్ నిండలేదు, మాటలూ పడ్డాను. ఇప్పుడు ఆయన గదిలో నాకు రెండు నిమిషాలు కాదు, ఐదు!

ఈ రంగం మనకెందుకని జంకే తమ్ముళ్ళకు ఒక మాట. 1935లో బొంబాయిలో సిప్లా పెట్టింది ఖ్వాజా అబ్దుల్ హమీద్ గారు. ఎయిడ్స్ మందులకు ఏడాదికి పదివేల డాలర్ల పైన అవుతున్న కాలంలో, 2001లో, 350 డాలర్లకే ఇస్తామన్నది ఆయన కుమారుడు యూసుఫ్ గారు.

షుగరున్న పెద్దలు రంజాన్‌కు ఆరు వారాల ముందే డాక్టరు గారిని కలవండి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. వేలు గుచ్చి రక్తం చూసుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెప్పారు. షుగరు 70కి తగ్గితే మగ్రిబ్ దాకా ఆగకండి, వెంటనే పంచదార నీళ్ళు తాగండి. జబ్బుపడిన వారికి ఖురాన్‌లోనే సడలింపు ఉంది.