ఒంటి బయట కొట్టుకునే గుండె



వేదిక మీద, నాకు ప్రయోగాలు నేర్పిన మాస్టారి పటానికి దండ వేశారు. ఆయనే ఉంటే ముందు ఆ దండ తీయించి, "సరే, సంగతేమిటో చెప్పు" అని కుర్చీ జరుపుకునేవారు. నేను ఫిజియాలజీ ల్యాబులో మొదటిసారి కప్ప గుండెకు కొక్కెం తగిలించి, దారం మీటకు కట్టి, మసి పట్టించిన డ్రమ్ము మీద తెల్లగీత పడుతుంటే నోరు తెరుచుకుని చూశాను. ఆయన గీత వైపు చూడలేదు. "దాని మీద ఏం పోస్తున్నావురా?" అన్నారు. "రింగర్ సార్." "అందులో ఏముంది?" నా దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్లు ఆలస్యమైనా, ఇవాళ ఆ జవాబు అప్పజెప్పుకుంటాను.

సిడ్నీ రింగర్ లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రి వైద్యుడు. రోగుల్ని చూసుకుంటూనే కప్ప గుండెల మీద పని చేసేవాడు. ఉప్పునీటిలో గుండె చక్కగా కొట్టుకుంటోందని 1882లో రాశాడు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ ఉప్పునీళ్లు కలిపిన సహాయకుడు స్వేదనజలం వాడలేదు, కుళాయి నీళ్లు పట్టాడు. న్యూ రివర్ కంపెనీ లండన్‌కి సరఫరా చేసే నీళ్లవి. అసలైన స్వేదనజలంతో చేసి చూస్తే గుండె కాసేపట్లోనే నీరసించింది. తేడా ఆ నీళ్లలోని సున్నానిది, అంటే కాల్షియానిది. 1883లో రింగర్ తన పొరపాటును తానే అచ్చు వేయించుకుని, ఉప్పుతో పాటు కాస్త పొటాషియం, కాస్త కాల్షియం ఉండి తీరాలని తేల్చాడు. సహాయకుణ్ణి తిట్టాడో లేదో గాని, ఆ నీళ్లను మాత్రం పారబోయలేదు. వాటిలో ఏముందో లెక్క తీశాడు.

కప్పతో ఒక సౌకర్యం ఉంది. దాని జఠరిక స్పంజిలాంటిది, లోపలున్న ద్రవమే కండకు తిండి పెడుతుంది. క్షీరదాల గుండె అలా కాదు. దాని కండకు రక్తం కరోనరీ ధమనుల్లోంచే రావాలి. బాల్టిమోర్‌లో న్యూయెల్ మార్టిన్ 1881 నాటికే కుక్క గుండెను ఊపిరితిత్తులతో కలిపి ఉంచి పనిచేయించాడు. కానీ గుండెను పూర్తిగా విడదీసే సులువు పట్టుకున్నవాడు జర్మనీలో రోస్టాక్ ఆచార్యుడు ఆస్కార్ లాంగెన్‌డార్ఫ్. ఆయన వ్యాసం 1895లో వచ్చింది.

ఆ ఉపాయం ఎంత తేలికో వినండి. బృహద్ధమనిలోకి గొట్టం దూర్చి, ద్రవాన్ని ఎదురుదారిలో, గుండె వైపుకే వదలాలి. ఆ ఒత్తిడికి బృహద్ధమని కవాటం దానంతటదే మూసుకుంటుంది. ద్రవానికి ఇక మిగిలిన దారి కవాటానికి కాస్త పైనుండే కరోనరీ ద్వారాలే. కండంతా తిరిగి కుడి కర్ణికలోకి వచ్చి బయటికి కారిపోతుంది. జఠరిక లోపల దాదాపు ఖాళీ. ఆ ఖాళీ గుండే కొట్టుకుంటూ ఉంటుంది! లాంగెన్‌డార్ఫ్ పిల్లుల మీద, కుందేళ్ల మీద, కుక్కల మీద, గడ్డకట్టని రక్తం వాడి చేశాడు. 1902లో రష్యాలో కుల్యాబ్కో ఇదే దారిలో, న్యుమోనియాతో చనిపోయిన పసిబిడ్డ గుండెను సుమారు 20 గంటల తర్వాత మళ్లీ కొట్టుకునేలా చేశాడు. ఆ గదిలో ఉన్నవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో!

ఇవాళ మన ఫార్మసీ కాలేజీల్లో రక్తం బదులు వాడేది క్రెబ్స్–హెన్సెలైట్ ద్రావణం, 1932 నాటిది. దాన్లోకి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా వదిలి, 37 డిగ్రీల దగ్గర ఉంచాలి. గ్యాసు పట్టించకముందే కాల్షియం కలిపితే తెల్లగా మడ్డి కడుతుంది. ఆ మడ్డి కరోనరీల్లో చేరితే గుండె దక్కదు.

ఎలుకకు మత్తిచ్చి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కించి, గుండె తీసి మంచులా చల్లటి ద్రావణంలో వేసి, గొట్టానికి దారంతో కట్టే ఆ నిమిషంలోనే ప్రయోగం బాగోగులు తేలిపోతాయి. గొట్టం మరీ లోపలికి పోతే కవాటం చిరుగుతుంది, లేదా కరోనరీ ద్వారాలు మూసుకుపోతాయి. ఆలస్యమైతే ఇంకో చిక్కు. కాసేపు రక్తం అందని గుండె తర్వాతి దెబ్బకు తట్టుకోవడం నేర్చుకుంటుందని 1986లో ముర్రీ, జెన్నింగ్స్, రైమర్ కుక్కల్లో చూపించారు. అంటే చేయి నెమ్మదిగా ఉన్న విద్యార్థి తనకు తెలియకుండానే గుండెకు మందు వేసినట్టు! ఇలా గొట్టానికి కట్టిన నా మొదటి గుండెను ఒక గాలిబుడగ చంపింది. గొట్టంలో బఠాణీ గింజంత బుడగ. నేను చూస్తుండగానే లోపలికి జారింది, కండ ఒక పక్క పాలిపోయింది. మాస్టారు ఏమీ అనలేదు. నోటుబుక్కు నా ముందుకు జరిపి, "రాయి" అన్నారు.

అలా కట్టిన గుండె పనితనం తెలుసుకోవడానికి, ఎడమ జఠరికలో చిన్న బెలూను పెట్టి ఒత్తిడి కొలవడం ఒక పద్ధతి. గుండె నిజంగా ద్రవాన్ని తోడిపోసేలా, ఎడమ కర్ణిక నుంచి నింపి పనిచేయించే పద్ధతిని నీలీ, మోర్గాన్ బృందం 1967లో ఎలుక గుండె మీద కుదిర్చింది. బైపాస్ ఆపరేషన్‌లో గుండెను ఆపే పొటాషియం ద్రావణాల్లో పేరున్న సెయింట్ థామస్ ద్రావణాన్ని డేవిడ్ హెర్స్ బృందం 1970లలో ఇలాంటి ఎలుక గుండెల మీదే తీర్చిదిద్దింది. ఈ సభలో ఛాతీ మీద కుట్లున్నవారు ఒకరిద్దరైనా ఉండి ఉంటారు. వారికి ఆ ద్రావణం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మనవాడి సంగతి చెప్పకపోతే మాస్టారు ఊరుకోరు. లాంగెన్‌డార్ఫ్ వ్యాసం వచ్చిన 1895లోనే భీమవరంలో ఎల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని ఫిస్క్‌తో కలిసి 1927లో ప్రకటించాడు. సరిగ్గా 50 ఏళ్లకు, 1977లో, ఆక్స్‌ఫర్డ్‌లో గుండెను అయస్కాంతంలో వేలాడదీసి, ద్రవం పారిస్తూనే, దానిలోని ఫాస్ఫరస్ సంకేతాలు చదివారు. ద్రవం ఆపగానే ముందు పడిపోయేది సుబ్బారావు చూపించిన ఆ పదార్థమే. కండకు శక్తినిచ్చే ఏటీపీ తర్వాత తగ్గుతుంది.

ఇక లాంగెన్‌డార్ఫ్ పద్ధతి చెప్పలేనిది కూడా చాలా ఉంది. నరాలు లేవు, హార్మోన్లు లేవు, కాలేయం లేదు. మందు కాలేయంలో మారిపోయి పనిచేసేదైతే ఇక్కడ ఏమీ కనపడదు. ప్రొటీను లేని ద్రావణంలో కండ ఉబ్బుతుంది, గంటగంటకూ పనితనం తగ్గుతుంది. ఎలుక గుండె నిమిషానికి 300 సార్ల దాకా కొట్టుకుంటుంది, దాని విద్యుత్ తరంగం మనిషిదంత సాగదు. ఆ తరంగం పట్టే సమయాన్ని, అంటే క్యూటీ వ్యవధిని, సాగదీసే మందుల్ని ఎలుక గుండె మీద పరీక్షించి "సురక్షితం" అని రాసిన థీసిస్‌ను నేను చూశాను. కుందేలో గినీపందో కావలసిన చోట, ఎలుక చవగ్గా దొరికిందని వాడటం నా దృష్టిలో పొదుపు కాదు. జంతువులను వృథా చేయడమే.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, ఎథిక్స్ కమిటీలున్నాయి, ఫారాలు నింపుతున్నాం. ఫారంలో ఎన్ని ఎలుకలు కావాలో రాస్తాం. ఎన్ని గుండెలు గొట్టానికి కట్టలేకపోయామో, ఎన్నింటిలో కొట్టుకోవడం గతి తప్పితే లెక్కలోంచి తీసేశామో ఎక్కడా రాయం. ఫలితాల పట్టికలో ఎనిమిది గుండెలుంటాయి, చెత్తబుట్టలో ఇంకెన్ని ఉన్నాయో చదివేవాడికి తెలియదు.

పీజీ విద్యార్థులకు ఒక్క మనవి. గుండెను ఏ కొలతలకు నిలవకపోతే పక్కన పెడతారో ప్రయోగం మొదలుపెట్టక ముందే కాగితం మీద పెట్టండి. థీసిస్‌లో ఒక పేరా కేటాయించి, ఎన్ని గుండెలు తీశారో, ఎన్ని వదిలేశారో, ఎందుకో రాయండి. మీ గైడు వద్దంటే, మాస్టారు రాయమన్నారని చెప్పండి.