కన్ను చెప్పే పక్కింటి కబురు

కంటిగుంటకు పైన, కింద, ముక్కువైపు ఉండేవి సైనస్ గదులే. ముక్కువైపు గోడైతే కాగితమంత పలచన. అందుకే సైనస్‌లో గడ్డ పెరిగితే కొందరిలో కన్నే ముందు చెబుతుంది. నుదుటి సైనస్‌లోని గడ్డ కనుగుడ్డును కిందికి నెడుతుంది, చెంప సైనస్‌లోది పైకి. ఒక వస్తువు రెండుగా కనిపించడం, ఒకే కంట నీరు కారడం, ఆ పక్క ముక్కు మూసుకుపోయి రక్తం పడటం వారాల తరబడి సాగితే దాన్ని జలుబనుకోకండి.

రక్తనాళాల తీరు వేరు. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలింది, మనిషి తేరుకున్నాడు. కొన్ని రోజులకో, వారాలకో కన్ను ఎర్రబడి ముందుకు పొడుచుకొచ్చింది, గుండెతోపాటు అదురుతోంది, తలలో హోరు. కంటి వెనక కపాలంలో కెరోటిడ్ ధమని చిరిగి, రక్తం నేరుగా పక్కనున్న సిరల్లోకి దూకితే ఇలా అవుతుంది. కళ్లకలకేనని చుక్కల మందుతో కాలం గడిపితే చూపు పోవచ్చు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, సన్నటి లోహపు తీగచుట్టలతో ఆ చిల్లును మూసే చికిత్స ఉంది. తల కోయనక్కర్లేదు! వంగినప్పుడు మాత్రమే కన్ను ఉబ్బుతుంటే కంటి వెనక సిరలు సాగి ఉండవచ్చు.

ముందు కంటి వైద్యుణ్ణి కలవండి. స్కాన్ చూశాక ముక్కు వైద్యుడి దగ్గరికో, మెదడు వైద్యుడి దగ్గరికో ఆయనే పంపుతారు.