వాల్వు రెక్టిఫయరు నిర్మాణం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకనాడు మన ఇళ్ళలో మ్రోగిన వాల్వు రేడియోలకు ఆధారమైన రెక్టిఫయరును గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను. పాఠ్యపుస్తకాలలో దీనినే ఏకధిక్కరణి అన్నారు.

మన ఇంటికి వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో దిశ మార్చుకొనే ఏకాంతర ప్రవాహం. రేడియో వాల్వుల ప్లేట్లకు కావలసినది ఏకముఖ ప్రవాహం. ఈ మార్పునకు తోడ్పడే డయోడు వాల్వును 1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రూపొందించారు. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో వేడెక్కిన కాథోడు ఎలక్ట్రానులను వెలువరిస్తుంది. ప్లేటు ధనాత్మకంగా ఉన్నప్పుడే అవి దానిని చేరతాయి. తిరుగు ప్రయాణం లేదు.

ఉదాహరణకు ఈజెడ్80 వాల్వును తీసుకుందాము. ఇందులో రెండు ప్లేట్లు, ఒక కాథోడు ఉంటాయి. హీటరుకు 6.3 వోల్టులు కావాలి. ట్రాన్స్‌ఫార్మరు 250-0-250 వోల్టులది. దాని రెండు కొసలను రెండు ప్లేట్లకు, నడిమి కొసను ఎర్తు చేసిన ఛాసిస్‌కు కలపాలి. కాథోడు నుండి ధన విద్యుత్తు లభిస్తుంది. రెండు ప్లేట్లూ వంతులవారీగా పనిచేయడం వలన సెకనుకు 100 స్పందనాలు వస్తాయి. వాటిని ఒక కెపాసిటరు, ఒక చోకు, మరొక కెపాసిటరు చదును చేస్తాయి.

250 వోల్టుల శిఖర విలువ సుమారు 350 వోల్టులు. కనుక కెపాసిటర్లు 450 వోల్టులకు తగినవై ఉండాలి. ఒక్కొక్కటి 32 మైక్రోఫారడ్లు చాలును. మొదటి కెపాసిటరు 50 దాటితే, దానిని నింపే ప్రవాహపు తాకిడికి వాల్వు చెడిపోవచ్చు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. స్విచ్చి తీసివేసినా, ప్లగ్గు ఊడదీసినా కెపాసిటర్లలో ఆవేశం నిలిచే ఉంటుంది. అది ప్రాణాంతకం కావచ్చు. అందుచేత రెండవ కెపాసిటరుకు అడ్డంగా లక్ష ఓముల, 5 వాట్ల నిరోధకాన్ని కలపాలి. అర నిమిషంలో ఆవేశమంతా దాదాపు తరిగిపోతుంది. అయినను ఆ నిరోధకపు తీగ తెగి ఉండవచ్చును గదా! మీటరుతో రెండు కెపాసిటర్లనూ పరీక్షించి, సున్న చూచిన పిమ్మటనే చేయి పెట్టాలి. ఉపాధ్యాయుని సమక్షంలో తప్ప విద్యార్థులు ఈ పని చేయరాదు.

సిలికాన్ డయోడు వచ్చిన తరువాత వాల్వు వెనుకబడింది. అది బియ్యపుగింజంత ఉండి, హీటరు లేకుండానే క్షణంలో పనిచేస్తుంది. అయినా శిఖర వోల్టేజి, నిలిచిపోయిన ఆవేశం అనే రెండు పాఠాలు నేటి పరికరాలకూ వర్తిస్తాయి.

తల్లిదండ్రులకు నా విన్నపం: పిల్లవానితో “ముట్టుకోకు” అని ఊరుకోక, ఎందుకు ముట్టరాదో చెప్పండి. ఉపాధ్యాయులకు నా మనవి: విద్యుత్తు ఇచ్చే ముందు ప్రతి తీగ పనినీ విద్యార్థి చేత తెలుగులో చెప్పించండి. పరభాషా ప్రాంతంలో తెలుగు బడి నిలుపుకొన్నది పద్యాల కోసమే కాదు. అపాయమెక్కడ ఉన్నదో, ఎందుకున్నదో తన మాటలలో చెప్పగల విద్యార్థి చేయి అక్కడికి పోదు.